పసుపు బాణం

ఆదివారం పొద్దున పదిన్నర దాటి ఐదు నిమిషాలకు, షికోకు దీవిలోని కోచి నగరం నడిమధ్య ట్రాము పట్టాలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే కూడలిలో, తెల్ల చిన్నకారొకటి పట్టాల మీద ఆగిపోయింది. ట్రాము దానికి రెండు గజాల దూరంలో ఆగి గంట కొట్టింది.

కారు నడుపుతున్న మసనోరికి డెబ్బై మూడేళ్ళు. పక్క సీట్లో ఉన్న భార్య ఇకుయోకి అరవై తొమ్మిది. ఆమె ఒళ్ళోంచి కమలాపళ్ళ సంచి జారి పళ్ళన్నీ కిందికి దొర్లాయి.

"కాళ్ళు కదపకండి. బ్రేకు కింద పండు పడింది," అంది ఇకుయో.

ఆమె వంగి పండు తీసింది. తల ఎత్తేసరికి భర్త ట్రాము డ్రైవరు వైపు తిరిగి, చెయ్యి నుదుటికి ఆనించి, సెల్యూట్ చేస్తున్నాడు. అద్దం వెనక తెల్ల చేతితొడుగులు వేసుకున్న ట్రాము డ్రైవరు కూడా, తెలియకుండానే, సగం సెల్యూట్ చేశాడు. తర్వాత అదే చేతితో వెనక్కి పొమ్మన్నట్టు ఊపాడు. ట్రాము నెత్తిన అది వెళ్ళే ఊరి పేరు రాసి ఉంది: గోమెన్. ఊరి పేరూ అదే, క్షమించమని అడిగే మాటా అదే.

పోలీసు ఈల వేసుకుంటూ వచ్చాడు. కారును పక్కకు తీయించి, కిటికీ దగ్గర వంగాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి.

"పెద్దాయనా, సిగ్నల్ ఎర్రగా ఉండె గదా?"

"బాణం వెలిగింది," అన్నాడు మసనోరి.

"వెలిగింది, నేనూ చూసినా. ఏం రంగు బాణం?"

మసనోరి స్టీరింగు వైపు చూశాడు. "రంగు చూడలేదు. బాణమే చూశాను."

"పసుపు బాణం. పసుపు బాణం ఎవరికి?"

"ట్రాముకి," అంది ఇకుయో.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అమ్మకు తెల్సు," అన్నాడు పోలీసు. "అమ్మకు లైసెన్సుందా?"

"ఉంది. బంగారు గీతది."

ఐదేళ్ళు ఏ తప్పూ చెయ్యనివాళ్ళ లైసెన్సు కార్డు మీద బంగారు రంగు గీత వస్తుంది. పోలీసు మొహంలో కొంత గౌరవం కనిపించింది.

"ఎప్పుడు నడిపినారు చివర్న?"

"ముప్పై ఒక్క ఏళ్ళయింది."

పోలీసు నవ్వాడు. "కాగితం డ్రైవరా! నడపకపోతే అందరిదీ బంగారమే గదమ్మా." నవ్వుతూనే నీలం చీటీ రాసి మసనోరికి ఇచ్చాడు. సిగ్నల్ దాటినందుకు. "ఈ బాణం పరీక్షలో అందరూ రాస్తారు, బయటికొచ్చి అందరూ మర్చిపోతారు. మీ ఊర్లో ట్రాముల్లేవు గదా?"

"లేవు."

"అదే సంగతి. నిదానంగా పోండి."

నది ఒడ్డున బండ్లు నిలిపే స్థలంలో కారు పెట్టి ఇద్దరూ సంత వైపు నడిచారు. మసనోరి చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మడతలు పెడుతూ రెండుసార్లు ఆగాడు.

వాళ్ళు షిమానె కొండల్లోని ఒక లోయ నుంచి బయలుదేరి మూడో రోజు. వంతెనల మీదుగా షికోకు దీవికి వచ్చి, దాన్ని చుట్టి ఇంటికి పోవాలన్నది పథకం. సరదా యాత్ర అని ఇరుగుపొరుగుకు చెప్పారు. అది అబద్ధం కాదు, సగమే నిజం. వచ్చే నెల ఇరవైన మసనోరి లైసెన్సు గడువు తీరుతుంది. మళ్ళీ తీసుకోవాలా, పోలీస్ స్టేషన్‌లో తిరిగి ఇచ్చెయ్యాలా అన్నది ఇద్దరి మధ్య ఏప్రిల్ నుంచి నలుగుతున్న విషయం. చివరికి మసనోరే షరతు పెట్టాడు. దీవి చుట్టూ తిప్పుతాను, కారుకు గీత పడకుండా, పోలీసు మాట పడకుండా ఇల్లు చేరితే మళ్ళీ తీసుకుంటాను. లేదంటే ఇచ్చేస్తాను. ఇకుయో సరేనంది.

సరేనన్నదే గానీ అతను నెగ్గాలనే ఆమె కోరిక. ఇకుయో కొన్యాకు చేస్తుంది. కంద జాతి దుంపను పిండి చేసి, సున్నపు నీళ్ళు కలిపి, దిమ్మలుగా పోసి ఉడికిస్తుంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, అరవై దిమ్మలు పధ్నాలుగు కిలోమీటర్ల అవతల హైవే పక్కన రైతుల అంగడికి చేరాలి. మసనోరి తీసుకెళ్తాడు. బస్సు వారానికి ఒక్క రోజే, అదీ బుధవారం. దిమ్మల పొట్లం మీద ఆమె పేరుంటుంది, ఇకుయో కొన్యాకు అని. పన్నెండేళ్ళుగా దాన్ని అడిగి కొనేవాళ్ళున్నారు. కారు ఆగితే అది ఆగుతుంది.

సంతలో చిలగడదుంప బజ్జీల అంగడి ముందు వరస ఉంది. వాళ్ళ వంతు వచ్చేసరికి, మూకుడు దగ్గర నిలబడ్డావిడ మసనోరిని ఎగాదిగా చూసింది. అరవై పైబడిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుంది.

"ట్రాముకు అడ్డం బోయింది నువ్వే గదా సామీ?"

"అప్పుడే ఇక్కడికి వచ్చిందా?" అంది ఇకుయో.

"ఇది కోచి. ఈడ మాట ట్రాము కన్నా ముందు పోతాది. తెల్ల కారు, పక్కన పండ్ల సంచి పట్టుకున్న పెళ్ళాం. అంతా చెప్పినారు."

"పండ్లు కూడా చెప్పారా?"

"పండ్లే ముందు చెప్పినారు." ఆవిడ బజ్జీలు కాగితం సంచిలో వేసింది. "మొగం అట్ల పెట్టుకోవాక సామీ. ఏడాదికి నలుగురైదుగురు పోతానే ఉంటారు ఆ బాణం జూసి. మా ఆయన ఈ ఊర్లో పుట్టి, ఈ ఊర్లో పెరిగి, వాడూ పోయినాడు ఒగసారి. అదీ సైకిలు మీద."

ఇకుయో నవ్వింది. మసనోరి నవ్వలేదు. ఆవిడ రెండు బజ్జీలు ఎక్కువ వేసి, "ఇవి నవ్వనోళ్ళకు," అంది.

సంత చివర, పాత కోట గుమ్మం దగ్గర రాతి మెట్టు మీద కూర్చున్నారు. బజ్జీలు వేడిగా ఉన్నాయి. మసనోరి ఒకటి తిని సంచి భార్యకిచ్చాడు.

"రూలు మర్చిపోయాను. మన లోయలో ట్రాములెక్కడివి? అందుకని ఇది లెక్కలోకి రాదు," అన్నాడు.

"పోలీసు చీటీ ఇచ్చాడు కదండీ."

"ట్రాములు లేని ఊళ్ళో ఇచ్చేవాడు కాదు."

"నిజమే," అంది ఇకుయో.

అంతటితో విషయం వదిలెయ్యొచ్చు. వదిలెయ్యాలనే ఆమెకీ ఉంది. పోలీసు అదే అన్నాడు, బజ్జీల ఆవిడ అదే అంది. ఏడాదికి నలుగురైదుగురు. మంగళవారం అరవై దిమ్మలు. కానీ పోలీసుకు అతను చెప్పిన మాటొకటి చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది. రంగు చూడలేదు.

మసనోరి ముప్పై ఎనిమిదేళ్ళు రైలు నడిపాడు. లోయ వెంట పోయే రెండు పెట్టెల డీజిలు బండి. రైలు డ్రైవర్లు ప్రతి సిగ్నల్‌నూ వేలితో చూపి, రంగు పైకి చెప్పి, అప్పుడు ముందుకు పోతారు. ఉద్యోగం వదిలి పదమూడేళ్ళయినా కారులో అతను అదే చేస్తాడు. లోయలో పళ్ళ అంగడి ముందున్న ఒకే ఒక్క సిగ్నల్‌కైనా వేలు చూపుతాడు. ఇందాక కూడలిలో కూడా వేలు చూపాడు. "సిగ్నల్, ముందుకు!" అన్నాడు. రోజూ వినే మాట గనక ఆమె చెవిన పెట్టలేదు. సిగ్నల్ రంగు చూడలేదని అతను చెప్పడం మాత్రం నలభై నాలుగేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి.

కళ్ళే అయ్యుంటాయి అనుకుంది. శుక్లాలు. లోయలో సగం మందికి ఉన్నాయి.

"లేవండి," అంది.

"ఎక్కడికి?"

"ఆ కూడలికి. నడిచే."

"ఎందుకు?"

"మీకు కనబడుతుందో లేదో చూడాలి."

మసనోరి లేవలేదు. "జనం ముందా? డెబ్బై మూడేళ్ళవాణ్ణి బోర్డు ముందు నిలబెట్టి అక్షరాలు చదివిస్తావా?"

"జనం ముందు ట్రాముకు అడ్డం పోయారుగా. దానికంటే ఇదెంత?"

పావుగంటలో కూడలికి చేరారు. ఆమె అతన్ని కాలిబాట అంచున, కారు ఆగిన చోటికి సరిగ్గా పక్కన నిలబెట్టింది.

"చెప్పండి."

మసనోరి అటూ ఇటూ చూశాడు. పిల్లల గుంపొకటి దాటిపోయేదాకా ఆగాడు. తర్వాత మడమలు కలిపి, చెయ్యి చాపి, వేలు చూపాడు.

"ఎరుపు. ఆగు."

"ఊఁ."

"పసుపు బాణం, కుడి."

ఇకుయో చూసింది. బాణం అప్పుడే వెలిగింది. ఆమె కంటే అతనే ముందు చూశాడు.

"ఆకుపచ్చ, ముందుకు. అవతలి వైపు నడిచేవాళ్ళ సిగ్నల్, ఎరుపు. ఆ మూల ఔషధాల దుకాణం బోర్డు కింద ఫోన్ నంబరుంది, చదవమంటావా?" వందగజాల దూరంలో ట్రాము వస్తోంది. "గోమెన్," అన్నాడు.

"ఎవరికి చెబుతున్నారు?"

"బోర్డు చదువుతున్నానే!"

కళ్ళలో ఏ లోపమూ లేదు. ఇకుయోకి ఊరట కలగాలి. కలగలేదు.

"మరి పోలీసుకు రంగు చూడలేదని ఎందుకు చెప్పారు?"

మసనోరి చెయ్యి దించాడు. సిగ్నల్ ఎరుపైంది, ఆకుపచ్చైంది, మళ్ళీ ఎరుపైంది. ఆమె ఇంకోసారి అడగలేదు. అతను మాట్లాడే మనిషి కాదు, అడిగినకొద్దీ అసలు మాట్లాడడు.

"రంగు చూశాను," అన్నాడు చివరికి. "పసుపని చూశాను. కింద పట్టాలున్నాయి. సిగ్నల్ పట్టాలదే, నాదే అనుకున్నాను."

"మీదే అంటే?"

"రైలు బండిలో ఉన్నాననుకున్నాను. ఎడమ చేతిలో లివరు ఉందనుకున్నాను. వెనక రెండు పెట్టెలున్నాయి, జనం ఉన్నారు, రెండు నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నాం అనుకున్నాను."

"ఎంతసేపు?"

"ఆ గంట కొట్టేదాకా."

ఇకుయో కమలాపళ్ళ సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఇదే మొదటిసారా?"

"ఏప్రిల్లో ఒకసారి. అంగడి మలుపు దాటి ఆరు కిలోమీటర్లు పోయాను చూడు. ఏదో ఆలోచిస్తున్నానని చెప్పాను నీకు. ఆలోచించడం కాదు. మలుపు తిప్పాలని తోచలేదు. రైలుకు మలుపు తిప్పే పని ఉండదు కదా."

శుక్లాలైతే ఎంత బాగుండేదని ఆమెకు అనిపించింది. శుక్లాలకు పొద్దున పోయి మధ్యాహ్నం ఇంటికి వచ్చేస్తారు.

అయినా ఆమె ఇంకో ప్రయత్నం చేసింది. తన గొంతు తనకే బజారులో బేరమాడే గొంతులా వినిపించింది. "పట్టాలు కనబడబట్టే అలా జరిగింది. మన లోయలో రైలెత్తేసి ఆరేళ్ళయింది. పట్టాలు కూడా పీకేశారు. ఇంటికి చేరితే ఏ ఇబ్బందీ ఉండదు. డాక్టరుకు చూపిద్దాం, మందులిస్తాడు. ఏమండీ?"

"ఏప్రిల్లో పట్టాలెక్కడున్నాయి?"

ఆమె సంచిలో పళ్ళు సర్దింది.

"మా డిపోలో సిగ్నల్ దాటినవాణ్ణి ఏం చేసేవాళ్ళో నీకు తెలుసు," అన్నాడు మసనోరి.

ఆమెకు తెలుసు. రైలు డ్రైవరు పెళ్ళానికి తెలియకుండా ఎలా ఉంటుంది. తర్వాతి స్టేషన్‌లో దింపేస్తారు. కొత్త డ్రైవరు ఎక్కుతాడు. ఎందుకు దాటావు, రాత్రి నిద్ర పోలేదా, ఇంట్లో జబ్బా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఎంత మంచివాడైనా, ఎంత సీనియరైనా దిగాల్సిందే. మసనోరి ఒకసారి తన స్నేహితుడి స్థానంలో అలా ఎక్కాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

"దిగినవాడు అలగకూడదు, ఎక్కినవాడు జాలిపడకూడదు అనేవాళ్ళు," అన్నాడు. "నేను దిగుతున్నాను. ఇక్కడే. ఇంటికి పోయాక కాదు."

"అయితే బండి ఇక్కడే పెట్టి రైల్లో పోదాం. ఎవరితోనైనా తెప్పించుకుందాం."

"తెప్పించుకున్నాక?"

"తెప్పించుకున్నాక ఏముంది?"

"వాకిట్లో పెట్టి పూలకుండీలు పేరుస్తావా దాని చుట్టూ?"

ఆమెకు కోపం వచ్చింది. సమాధానం దొరకనందుకు వచ్చిన కోపం. అతను మాత్రం నువ్వు నడుపు అని అనలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆమె స్టేషన్ ముందు కారు వెనక్కి తీస్తూ సైకిళ్ళ షెడ్డును గుద్దింది. పధ్నాలుగు సైకిళ్ళు వరసగా కూలాయి. ప్లాట్‌ఫారం పక్కన ఆగిన రైల్లోంచి మసనోరి చూశాడు, ప్రయాణికులూ చూశారు. ఆ సాయంత్రం అతను తిట్టలేదు. సైకిళ్ళ యజమానుల పేర్ల జాబితా రాసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ ఇంటింటికీ తిరిగి క్షమాపణ చెప్పారు. మర్నాటి నుంచి ఆమె తాళంచెవి ముట్టుకోలేదు, అతను ముట్టుకోమని అనలేదు. ఇద్దరికీ అదే సుఖంగా ఉండింది.

ఇద్దరూ నది ఒడ్డుకు తిరిగి వచ్చారు. కారు దగ్గర ఇకుయో ఆగింది.

"అరవై దిమ్మలు ఎంత బరువుంటాయి?"

"ఇరవై కిలోలు. పెట్టెతో ఇరవై రెండు."

"తలమీద పెట్టుకుని పధ్నాలుగు కిలోమీటర్లు నడవలేను కదా."

"లేవు."

"అయితే తాళం ఇటివ్వండి."

మసనోరి వెంటనే ఇవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నాలుగు టైర్లూ కాలితో నొక్కాడు. తర్వాత డ్రైవరు తలుపు పక్కన నిటారుగా నిలబడి, సెల్యూట్ చేసి, డిపోలో డ్యూటీ మారేటప్పటి గొంతుతో చెప్పాడు.

"బండి, తెల్లది, నంబరు ఇరవై ఏడు పధ్నాలుగు. పెట్రోలు ముప్పావు. దీపాలు సరి. బ్రేకు సరి, కొంచెం గట్టిగా నొక్కాలి. డ్రైవరు..." అక్కడ ఆగిపోయాడు.

పక్క కారులోకి సామాను ఎక్కించుకుంటున్న దంపతులు చూస్తున్నారు.

"డ్రైవరు మారారు," అంది ఇకుయో. సెల్యూట్ చెయ్యడం ఆమెకు రాదు, తల వంచి తాళం అందుకుంది.

సీటు ముందుకు జరపడానికే ఐదు నిమిషాలు పట్టింది. అద్దాలు సరిచేసింది. ఇంజను ఏ మీట నొక్కితే మొదలవుతుందో ఆమెకు తెలియదు. ఆమె నడిపిన రోజుల్లో తాళం తిప్పేవాళ్ళు.

"బ్రేకు నొక్కి, మీట నొక్కు," అన్నాడు.

"ఇది బ్రేకేనా?"

"ఇకుయో!"

"తమాషాకి అన్నాను."

కుడివైపు తిరగడం తన వల్ల కాదని ఆమె ముందే చెప్పేసింది. ఎదురొచ్చే బండ్లకు అడ్డం పోవాలి, మధ్యలో పట్టాలు. ఎడమవైపైతే అంచు పట్టుకుని తిరగొచ్చు. అందుకని కోచి నగరం నుంచి ఇంటి వైపు పోయే ఉత్తరం రోడ్డుకు ఎడమ మలుపులతోనే బయటపడాలని నిర్ణయించింది. కారులోని దారి చెప్పే యంత్రం కుడికి తిరగమంది. ఆమె ఎడమకు తిరిగింది. యంత్రం దారి మార్చి మళ్ళీ కుడికి తిరగమంది. టోఫు దుకాణం ముందునుంచి మూడుసార్లు పోయారు. మూడోసారి వాకిలి ఊడుస్తున్న దుకాణదారు చీపురు ఆపి తల వంచి నమస్కారం పెట్టాడు.

"మనల్ని ఎరిగినవాడయ్యాడు," అన్నాడు మసనోరి.

"మాట్లాడకండి."

"వెనక బస్సుంది, కొంచెం..."

"బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. మీ బండిలో మీ వెనకే రాసి ఉండేది. ముప్పై ఏళ్ళు చదివాను."

అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆమె అద్దంలో చూడ్డానికి తల తిప్పినప్పుడల్లా అతని కుడి చూపుడువేలు మోకాలి మీద కొంచెం లేచి, మళ్ళీ పడుకుంటోంది. సిగ్నల్స్ అన్నీ చూస్తున్నాడు. పైకి చెప్పడం లేదు. రెండు సిగ్నల్స్ దాటాక ఆమెకే తోచనట్టయింది.

"చెప్పండి," అంది. "రంగులు మాత్రం చెప్పండి. పోవాలో ఆగాలో నేను చూసుకుంటాను."

"ఎరుపు," అన్నాడు మసనోరి వేలు చూపి.

ఆమె ఆపింది.

నగరం దాటడానికి యాభై నిమిషాలు పట్టింది. కొండదారి ఎక్కాక గంటకు నలభై కిలోమీటర్ల వేగం మించలేదు. వెనక బండ్ల వరస పెరిగింది. ఒక సొరంగం దాటాక మసనోరి వెనక్కి తిరిగి లెక్కపెట్టి, పదకొండు అన్నాడు. తర్వాత, అది ఆరోపణ కాదనీ సమాచారమనీ కలిపాడు.

ఒంటిగంటన్నరకు రోడ్డు పక్క విశ్రాంతి స్థలం కనబడింది. ఎడమవైపే ఉంది గనక ఇకుయో లోపలికి తిప్పింది. రెండు గళ్ళకు మధ్యగా ఆపి ఇంజను కట్టేసింది. స్టీరింగు మీది చేతులు ఊడిరాలేదు. ఒక్కొక్క వేలూ విప్పుకోవలసి వచ్చింది.

"టీ తెస్తాను," అని మసనోరి దిగాడు.

అతను పానీయాలమ్మే యంత్రం దగ్గర రెండు టీ డబ్బాలు తీసుకుని, నేల చూసుకుంటూ తిరిగి వచ్చాడు. అలవాటు చొప్పున నేరుగా కుడివైపు తలుపు దగ్గరికి వచ్చి పిడి మీద చెయ్యి వేశాడు. లోపల భార్య ఉంది. చెయ్యి పిడి మీదే ఉంచి నిలబడ్డాడు.

ఇకుయో జరగలేదు. అద్దం దించి తన డబ్బా అందుకుంది. అతను కారు ముందునుంచి చుట్టి వెళ్ళి, ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు.

"బెల్టు పెట్టుకోండి," అంది.